నాలుగు ఫ్లోర్ల ఆఫీసులో వైఫై తెగిపోతుంటే ముందు చూడాల్సింది రౌటర్ కాదు

కొత్త రౌటర్ ఇప్పుడే కొనకండి. మీరు చెప్పినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది: మాదాపూర్‌లో 300 గజాల జీ ప్లస్ 3 బిల్డింగ్, ఒకప్పుడు ఇల్లు, ఇప్పుడు మీ మెడికల్ బిల్లింగ్ ఆఫీసు, 70 మంది. ఫైబర్ లైన్ గ్రౌండ్ ఫ్లోర్‌లో రిసెప్షన్ వెనక దిగింది, పై మూడు ఫ్లోర్లకీ తలా ఒక రిపీటర్ (కింది వైఫైని అందుకుని మళ్లీ పంచే డబ్బా) పెట్టారు. సాయంత్రం 7 దాటాక, అమెరికా వాళ్లతో కాల్స్ మొదలయ్యే టైముకి, రెండో ఫ్లోర్‌లో మైక్రోసాఫ్ట్ టీమ్స్ కాల్ తెగిపోతోంది, గొంతు రోబోలా వస్తోంది. 300 ఎంబీపీఎస్ ప్లాన్‌ని 500కి పెంచారు, ఏమీ మారలేదు. ఇంటర్నెట్ లైన్ ఇచ్చినవాళ్లు వచ్చి స్పీడ్ టెస్ట్ చూపించి "మా సైడు అంతా బాగానే ఉంది సార్" అని వెళ్లిపోయారు. ఇప్పుడు మీ ఎండీ గారు మెష్ (ఒకదాంతో ఒకటి కలిసి పనిచేసే వైఫై డబ్బాల సెట్టు) కొందామంటున్నారు.

లైన్ వాళ్లు నిజమే చెప్పి ఉంటారని నా అనుమానం. టీమ్స్‌లో మాట ఒక్కటే అయితే సెకనుకి 100 కిలోబిట్లు కూడా పట్టదు, వీడియో పెట్టినా మామూలుగా ఒకటి రెండు ఎంబీపీఎస్‌తో గడిచిపోతుంది, అంటే ఇరవై మంది ఒకేసారి వీడియోలో ఉన్నా మీ పాత 300 ప్లాన్‌లో చాలా భాగం ఖాళీగానే ఉంటుంది. కాల్ చెడిపోయేది స్పీడు తక్కువై కాదు, ప్యాకెట్లు (మాటని ముక్కలు చేసి పంపే చిన్న మూటలు) ఆలస్యమై, ఒకటి ముందు ఒకటి వెనక అయి, కొన్ని అసలు చేరకపోవడం వల్ల. స్పీడ్ టెస్ట్ ఇవేవీ సరిగ్గా చూపించదు, పైగా ఆ అబ్బాయి టెస్ట్ చేసింది పొద్దున పదకొండింటికి, రిసెప్షన్‌లో రౌటర్ పక్కన నిలబడి అయి ఉంటుంది.

కాబట్టి ముందు తప్పు ఎక్కడుందో విడదీయండి. ఖర్చేమీ లేదు. ఒక విండోస్ ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ రెండు తెరవండి. ఒకదాంట్లో మీ రౌటర్ అడ్రస్‌కి, అది 192.168.1.1 అనుకుందాం, ఆగకుండా పింగ్ పెట్టండి, అంటే చిన్న ప్యాకెట్ పంపి జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూడటం (ping 192.168.1.1 -t అని కొట్టండి, చివర ఆ -t ఉంటే మీరు ఆపేదాకా నడుస్తుంది), రెండోదాంట్లో ఇంటర్నెట్‌లో ఉన్న గూగుల్ అడ్రస్ 8.8.8.8కి. సాయంత్రం కాల్స్ నడిచే టైములో, రెండో ఫ్లోర్‌లో గొడవ చేసే ఆ సీట్లోనే కూర్చుని, ఓ పావుగంట నడవనివ్వండి. రౌటర్‌కి వెళ్లే పింగ్ మామూలుగా ఐదారు మిల్లీసెకన్లలో తిరిగి రావాలి. అదే 200, 400 అని ఎగిరిపడుతున్నా, మధ్యలో టైమ్ అవుట్ అని వస్తున్నా తప్పు మీ బిల్డింగ్ లోపలే ఉంది, లైన్ వాళ్లని ఎన్నిసార్లు పిలిచినా లాభం లేదు. రౌటర్ పింగ్ నిలకడగా ఉండి 8.8.8.8 మాత్రమే పాడైతే అప్పుడు లైను సంగతి, లేదా కింద చెప్పబోయే అప్‌లోడ్ సంగతి. ఇంకో ల్యాప్‌టాప్‌ని గ్రౌండ్ ఫ్లోర్‌లో రౌటర్‌కి కేబుల్‌తో కలిపి అదే టైములో ఇదే పరీక్ష నడిపితే ఇక వాదనే ఉండదు, ఆ స్క్రీన్ ఫోటో తీసి లైన్ వాళ్లకైనా ఎండీ గారికైనా చూపించొచ్చు.

నా అంచనా మొదటి రకమే వస్తుందని. కారణం ఆ రిపీటర్లు.

రిపీటర్ చేసే పని చూడండి. కింద నుంచి వచ్చిన మాట విని, అదే మాట మామూలుగా అదే ఛానల్ (వైఫై మాట్లాడే రేడియో దారి) మీద మళ్లీ చెబుతుంది. ఒక ఛానల్ మీద ఒక క్షణంలో ఒక్కరే మాట్లాడగలరు, మిగతావాళ్లంతా ఆగాలి. అంటే ప్రతి ప్యాకెట్‌కీ గాల్లో రెండింతల సమయం పోతుంది, మూడో ఫ్లోర్ రిపీటర్ రెండో ఫ్లోర్ రిపీటర్ నుంచి తీసుకుంటుంటే మూడింతలు. మీ ఆఫీసులో నాలుగు డబ్బాలున్నా అందరూ వాడుకుంటున్నది ఒకే ఛానల్ సమయాన్ని. ఇంకో రిపీటర్ పెడితే ఫోన్లో గీతలు పెరుగుతాయి, కాల్ ఇంకా పాడవుతుంది. "ఫుల్ సిగ్నల్ ఉంది సార్, నెట్ రావట్లేదు" అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఇదే. ఆ గీతలు చెప్పేది ఫోనుకీ రిపీటర్‌కీ మధ్య దూరం గురించే, రిపీటర్‌కి కింద నుంచి ఏం అందుతోందో వాటికి తెలియదు.

మన బిల్డింగుల్లో అందేది కూడా తక్కువే. ఇనుప చువ్వలు వేసి పోసిన స్లాబు ఒక్కటే 15, 20 డీబీ తినేస్తుంది, అంటే బలంలో వందో వంతే మిగలొచ్చు. నిజానికి పై ఫ్లోర్‌కి చేరే సిగ్నల్‌లో చాలావరకు స్లాబులోంచి కాదు, మెట్ల ఖాళీలోంచీ కిటికీల్లోంచీ దొంగదారిన ఎక్కుతుంది, అందుకే మెట్ల పక్క సీట్లలో బాగుండి బాల్కనీ వైపు క్యాబిన్లో చచ్చిపోతుంది. లిఫ్ట్ ఉంటే ఆ గది చుట్టూ కాంక్రీటు, లోపల ఇనుము, దాని వెనక ఉన్నవాళ్లకి దాదాపు ఏమీ రాదు. వైర్ లేకుండా ఫ్లోర్ నుంచి ఫ్లోర్‌కి వైఫై ఎక్కించాలనుకోవడమే ఇక్కడ అసలు తప్పు, డబ్బా ఏ కంపెనీదైనా. ఎండీ గారు చెప్పిన మెష్ కూడా ఫ్లోర్ల మధ్య గాలి మీదే ఆధారపడితే కాస్త ఖరీదైన రిపీటరే. అదే మెష్ డబ్బాలకి వెనక కేబుల్ ఇస్తే మాత్రం చక్కగా పనిచేస్తాయి.

కాబట్టి డబ్బు పెట్టాల్సింది కేబుల్ మీద. రౌటర్ దగ్గర ఒక పీఓఈ స్విచ్ (నెట్‌తోపాటు కరెంటు కూడా కేబుల్ మీదే పంపేది) పెట్టి, అక్కడి నుంచి ప్రతి ఫ్లోర్‌కీ విడివిడిగా క్యాట్ 6 నెట్‌వర్క్ కేబుల్ లాగించి, రిపీటర్ బదులు దాని కొసన యాక్సెస్ పాయింట్ (కేబుల్ మీద వచ్చిన నెట్‌ని వైఫైగా పంచే డబ్బా) పెట్టించండి. ఒక్కో ఫ్లోర్‌కి రెండేసి లాగించండి, ఎలాగూ గోడ తవ్వుతున్నారు కదా, రెండో కేబుల్‌కి కూలి దాదాపు ఉండదు, రేపు ఇంకో యాక్సెస్ పాయింట్ కావాలంటే సిద్ధంగా ఉంటుంది. స్విచ్ నుంచి చివరి పాయింట్ దాకా 100 మీటర్లు దాటకూడదు, మీ బిల్డింగ్‌లో ఆ భయం లేదు.

కేబుల్ దగ్గర మోసం ఎక్కువ. చవగ్గా దొరికే కేబుల్ బాక్సుల్లో చాలావాటిలో ఉండేది రాగి కాదు, పైన రాగి పూత పూసిన అల్యూమినియం. తీగ కొన బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనబడుతుంది, రాగైతే లోపల కూడా ఎర్రగానే ఉంటుంది. 305 మీటర్ల కొత్త బాక్స్ తెచ్చారంటే మీ ముందే విప్పించి గీకి చూడండి, మొహమాటపడకండి. ఆ పూత కేబుల్ మీద కరెంటు కూడా పంపితే వోల్టేజ్ పడిపోయి పై ఫ్లోర్ డబ్బా రోజుకి నాలుగుసార్లు రీస్టార్ట్ అవుతుంది, అందరూ డబ్బానే తిడతారు. ఇంకోటి, పని అయ్యాక స్విచ్ పేజీలో ప్రతి పోర్టూ 1000 అని చూపిస్తోందో లేదో చూడండి. నాలుగు జతల తీగల్లో ఒక్కటి క్రింపింగ్‌లో (కేబుల్ కొసకి ప్లగ్ నొక్కి బిగించేటప్పుడు) సరిగ్గా కూర్చోకపోయినా లింకు చప్పుడు లేకుండా 100కి దిగిపోవచ్చు, లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. కరెంటు వైర్ల పైపులోనే ఈ కేబుల్ దూర్చేస్తానంటాడు ఎలక్ట్రీషియన్, వద్దనండి. బిల్డింగ్ బయటి గోడ మీంచి దించాల్సి వస్తే అవుట్‌డోర్ కేబుల్ వాడమనండి, మామూలు దాని తొడుగు మన ఎండలకి రెండు మూడు వేసవుల్లో పెళుసెక్కిపోతుంది.

డబ్బా ఎక్కడ పెట్టాలి? మనుషులు కూర్చునే హాల్లో, సీలింగుకి, ముఖం కిందికి. సీలింగ్ రకం యాక్సెస్ పాయింట్‌ని గోడకి నిలువుగా కొడితే అది సగం బలాన్ని పక్కింటికి పంపిస్తుంది. ఫాల్స్ సీలింగ్ పైన ఏసీ డక్ట్ పక్కన దాచిపెట్టడం, సర్వర్ రూమ్ ఇనుప బీరువాలో పెట్టడం, ఇవన్నీ అందం కోసం చేసే పనులు, వీటికి మందు లేదు. నాలుగు ఫ్లోర్లలోనూ సరిగ్గా ఒకదాని కింద ఒకటి వచ్చేలా కూడా పెట్టకండి, ఒక ఫ్లోర్‌లో ముందు వైపుంటే పై ఫ్లోర్‌లో కాస్త వెనక్కి జరపండి.

ఇక ఛానళ్లు. ఇక్కడే మీ బిల్డింగ్‌కి అదృష్టం కలిసొస్తుంది. వైఫై వాడే బ్యాండ్లలో ఒకటైన 5 గిగాహెర్ట్జ్‌లో రాడార్ గొడవ (అదేంటో కింద చెబుతాను) లేని ఛానళ్లు 36, 40, 44, 48, ఆపైన 149, 153, 157, 161, 165. మన దగ్గర 2018లో ఈ బ్యాండ్లకి లైసెన్స్ అక్కర్లేకుండా చేశారు కాబట్టి ఇబ్బంది లేదు. చాలా డబ్బాలు ఫ్యాక్టరీ నుంచే 80 మెగాహెర్ట్జ్ వెడల్పుతో వస్తాయి, అట్ట మీద పెద్ద నంబరు వేసుకోవడానికి. ఆ వెడల్పులో ఈ ఛానళ్లన్నీ కలిపి రెండే రెండు ముక్కలవుతాయి, నాలుగు ఫ్లోర్లకి చాలవు, ఒకళ్ల మీద ఒకళ్లు పడతారు. 40కి తగ్గిస్తే నాలుగు ముక్కలు: 36, 44, 149, 157తో మొదలయ్యేవి. ఫ్లోర్‌కి ఒకటి, సరిగ్గా సరిపోయింది. గ్రౌండ్‌కి 36, ఫస్ట్‌కి 149, సెకండ్‌కి 44, థర్డ్‌కి 157 ఇలా ఇచ్చేయండి, పక్కపక్క ఫ్లోర్ల ఛానళ్లు దూరంగా ఉంటాయి. తర్వాత ఎప్పుడైనా ఫ్లోర్‌కి రెండేసి పెడితే వెడల్పు 20కి దించండి, తొమ్మిది ఛానళ్లు చేతిలో ఉంటాయి. మధ్యలో 52 నుంచి 144 దాకా ఉన్నవి రాడార్లతో పంచుకునేవి. వాటి మీదికి వెళ్లేముందు డబ్బా కనీసం ఒక నిమిషం విని ఊరుకోవాలి, పని మధ్యలో రాడార్ అని అనుమానం వస్తే వెంటనే ఛానల్ వదిలేయాలి, ఆ ఫ్లోర్ వాళ్లంతా ఒకేసారి డ్రాప్ అవుతారు. మీకు అవి అవసరం లేదు, "ఆటో" అని వదిలేస్తే మాత్రం అది వాటి మీదికి పోవచ్చు.

2.4 గిగాహెర్ట్జ్ సంగతి వేరు, అందులో ఒకదాన్నొకటి తగలని ఛానళ్లు 1, 6, 11 మూడే. మీ సాయంత్రం 7 గంటల మిస్టరీకి సగం జవాబు ఇక్కడుందని నా నమ్మకం. మాదాపూర్‌లో మీ చుట్టూ ఉన్నవి పీజీ హాస్టళ్లూ అపార్ట్‌మెంట్లూ, ఒక్కో హాస్టల్‌లో ఫ్లోర్‌కొక రౌటర్, పగలంతా ఖాళీ, సాయంత్రం జనం తిరిగొచ్చి వీడియోలు మొదలుపెట్టగానే ఆ మూడు ఛానళ్లూ ట్రాఫిక్ జామ్. ఆండ్రాయిడ్ ఫోన్లో ఏదైనా వైఫై ఎనలైజర్ యాప్ వేసి పొద్దున ఒకసారి, రాత్రి ఎనిమిదింటికి ఒకసారి మీ కిటికీ దగ్గర చూడండి. పక్కవాళ్లని ఎలాగూ ఆపలేం, మన ల్యాప్‌టాప్‌లని అక్కడి నుంచి లేపేయగలం: పని చేసేవాళ్ల నెట్‌వర్క్‌ని 5లో మాత్రమే వదలండి, బయోమెట్రిక్ మెషీన్, ప్రింటర్, పాత ఫోన్లకి 2.4లో వేరే పేరు పెట్టండి. వైఫై సీసీ కెమెరాలుంటే వాటిని వీలైనంత త్వరగా కేబుల్ మీదికి మార్చండి, అవి రాత్రింబవళ్లు గాలిని ఆక్రమిస్తూనే ఉంటాయి. (మధ్యాహ్నం లంచ్ టైములో ప్యాంట్రీ పక్కన మాత్రమే పాడవుతోందంటే మైక్రోవేవ్, అదీ 2.4 దగ్గరే పనిచేస్తుంది.)

మిగతా సగం జవాబు అప్‌లోడ్ కావచ్చు. ఏ సిస్టమ్‌కైనా సాయంత్రం 7కి క్లౌడ్ బ్యాకప్ షెడ్యూల్ చేసి ఉందా? షిఫ్ట్ అయిపోయాక ఎవరైనా స్కాన్ ఫైళ్లు ఎక్కిస్తున్నారా? అప్‌లోడ్ నిండిపోతే పింగ్ ఆకాశానికి లేస్తుంది, డౌన్‌లోడ్ ఎంత ఖాళీగా ఉన్నా. పైన చెప్పిన పరీక్షలో కేబుల్ మీద ఉన్న ల్యాప్‌టాప్‌లో కూడా 8.8.8.8 పాడైతే ముందు దీన్నే చూడండి, బ్యాకప్‌ని తెల్లవారుజామున నాలుగింటికి జరపండి.

పవర్ గురించి ఎవరూ నమ్మరు గానీ చెబుతాను: డబ్బాల్లో ట్రాన్స్‌మిట్ పవర్ "హై"లో ఉంచకండి. పెళ్లి పందిట్లో మైకు పట్టుకున్న పంతులు గారి మాట వీధి చివరిదాకా వినబడుతుంది, వీధి చివర ఉన్నవాడు ఏమన్నా పంతులు గారికి వినబడదు. ఫోన్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ ఉండేది చిన్న రేడియో, అది డబ్బా అంత గట్టిగా అరవలేదు. పవర్ పెంచితే అందరికీ గీతలు నిండుగా కనిపిస్తాయి, వాళ్లు పంపేది మాత్రం తిరిగి చేరదు, అప్పుడే "నువ్వు వినబడుతున్నావు, నేను నీకు వినబడట్లేదా" అనే కాల్స్. 5లో 14 నుంచి 17 డీబీఎం (రేడియో బలానికి కొలత), 2.4ని దానికంటే ఆరేడు తక్కువగా పెట్టి మొదలుపెట్టండి. కుర్చీ దగ్గర ఫోన్లో ఆ ఎనలైజర్ యాప్‌తో చూస్తే మైనస్ 67 డీబీఎం లేదా అంతకంటే మెరుగ్గా (మైనస్ 60, మైనస్ 55 అలా) ఉండాలి, కాల్స్‌కి అది సరిపోతుంది. అంతకంటే పాడైన మూల ఉంటే పవర్ పెంచకుండా ఆ రెండో కేబుల్ వాడి ఇంకో డబ్బా పెట్టండి.

పవర్ తగ్గించడానికి ఇంకో కారణం, ల్యాప్‌టాప్‌లు పాత డబ్బాని వదలకపోవడం. గ్రౌండ్ ఫ్లోర్‌లో కనెక్ట్ అయిన మనిషి రెండో ఫ్లోర్ ఎక్కాక కూడా ల్యాప్‌టాప్ కింది డబ్బానే పట్టుకుని వేలాడుతుంది. ఎప్పుడు మారాలో నిర్ణయించేది డబ్బా కాదు, ఆ పరికరమే. ఐఫోన్ అయితే సిగ్నల్ మైనస్ 70కి పడేదాకా ఇంకోదాని కోసం వెతకదు, యాపిల్ మ్యాక్ ల్యాప్‌టాప్ మైనస్ 75 దాకా ఆగుతుంది. కింది డబ్బా మరీ గట్టిగా అరుస్తుంటే సిగ్నల్ ఆ హద్దు దాకా ఎప్పటికీ పడదు, పరికరం మధ్యస్తంగా వేలాడుతూ ఉంటుంది. అన్ని ఫ్లోర్లకీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ ఉండాలి, డబ్బా సెట్టింగ్స్‌లో 802.11k, 802.11v అని కనబడితే (పరికరం డబ్బా మారడానికి సాయపడేవి) ఆన్ చేయండి, 802.11r అన్నది మాత్రం పాత ప్రింటర్లు కొన్ని ఒప్పుకోవు, చూసుకుని చేయండి. ఇంటెల్ కార్డులున్న విండోస్ ల్యాప్‌టాప్‌లలో డివైస్ మేనేజర్‌లో వైఫై కార్డు అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో రోమింగ్ అగ్రెసివ్‌నెస్ అని ఉంటుంది, ఎక్కువ తిరిగేవాళ్లకి ఒక మెట్టు పెంచండి. అక్కడే ఉన్నారు కదా, డ్రైవర్ తేదీ కూడా చూడండి. ఒక్క మోడల్ ల్యాప్‌టాప్‌లకే సమస్య అయితే ముందు అనుమానించాల్సింది ఆ డ్రైవర్‌నే.

"కనెక్టెడ్, నో ఇంటర్నెట్" అని కొందరికే వస్తోందని కూడా రాశారు. అది వేరే జబ్బు, ప్రతి పరికరానికీ రౌటర్ పంచే ఐపీ అడ్రస్‌లు అయిపోవడం. మీరు 70 మంది, మనిషికి ల్యాప్‌టాప్, ఫోన్ కలిపి 140, ప్రింటర్లు, కెమెరాలు, టీవీలు ఇంకో ఇరవై. ఇళ్లకి ఇచ్చే రౌటర్లలో కొన్ని 100 నుంచి 199 వరకే అడ్రస్‌లు పంచుతాయి, అంటే వంద మాత్రమే, వందొకటో పరికరానికి లేదు. పైగా ఆండ్రాయిడ్ 10 నుంచీ, ఐఓఎస్ 14 నుంచీ ఫోన్లు ఒక్కో వైఫై పేరుకి ఒక్కో దొంగ మ్యాక్ అడ్రస్ (రౌటర్ పరికరాన్ని గుర్తుపట్టే నంబరు) చూపిస్తాయి. మీ రిపీటర్లకి "ఫస్ట్ ఫ్లోర్", "సెకండ్ ఫ్లోర్" అని వేరువేరు పేర్లు ఉన్నాయన్నారు కదా, అంటే మెట్లెక్కిన ఒకే ఫోన్ రౌటర్ లెక్కలో నలుగురు కొత్త మనుషులు కావచ్చు, నాలుగు అడ్రస్‌లు పట్టేస్తుంది. రౌటర్‌లో డీహెచ్‌సీపీ (అడ్రస్‌లు పంచే సెట్టింగ్) పరిధిని పెంచండి, లీజు (ఒక అడ్రస్ ఒక పరికరం దగ్గర ఉండే గడువు) 24 గంటలుంటే ఎనిమిదికి తగ్గించండి, విజిటర్లకి వేరే గెస్ట్ నెట్‌వర్క్ ఇవ్వండి. ఆగిపోయిన ల్యాప్‌టాప్‌లో అడ్రస్ 169.254తో మొదలైతే అడ్రస్ అందలేదని అర్థం. అడ్రస్ అంది, గేట్‌వే (బయటికి వెళ్లే దారి అడ్రస్) మాత్రం మీ రౌటర్ కాకుండా ఇంకేదో చూపిస్తే, ఎవరో ఇంటి నుంచి పాత రౌటర్ తెచ్చి గోడ పాయింట్‌కి గుచ్చారని అర్థం, వెతికి పట్టుకోండి. ఒక ఆఫీసులో అది మేనేజర్ గారి క్యాబిన్ టేబుల్ కిందే దొరికింది, వారం నుంచి అందరూ లైన్ వాళ్లనే తిడుతున్నారు.

కరెంటు గురించి మీరు రాయలేదు, అడగాల్సిందే. కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ కొద్ది సెకన్లలో సిస్టమ్స్ యూపీఎస్ మీద బతుకుతాయి, ఫైబర్ డబ్బా, స్విచ్ మాత్రం మామూలు ప్లగ్ మీదుంటే పడిపోయి మళ్లీ లేవడానికి నిమిషాలు తీసుకుంటాయి. రిసెప్షన్ వెనక ఉన్న ఆ ప్లగ్గు యూపీఎస్ మీదుందో లేదో చూడండి. పీఓఈ స్విచ్ ఒక్కదాన్ని యూపీఎస్ మీద పెడితే నాలుగు ఫ్లోర్ల యాక్సెస్ పాయింట్లూ దానితోపాటే బతుకుతాయి, కేబుల్ లాగించమనడానికి ఇదీ ఒక కారణం. స్విచ్ కొనేటప్పుడు ఎన్ని పోర్టులు అని కాకుండా మొత్తం ఎన్ని వాట్లు ఇస్తుందో అడగండి, ఒక్కో డబ్బా ఎంత లాగుతుందో దాని కాగితం మీద ఉంటుంది, కూడి చూసి కొంత ఎక్కువే ఉండేలా తీసుకోండి.

వరస ఇది: ఈ రాత్రికి పింగ్ పరీక్ష, రేపు రిపీటర్ల పేర్లూ డీహెచ్‌సీపీ సంగతీ, వచ్చే శనివారం ఆఫీసు ఖాళీగా ఉన్నప్పుడు కేబుల్. కేబుల్ వచ్చేదాకా రెండో ఫ్లోర్‌లో కాల్స్ ఎక్కువుండే నలుగురైదుగురిని తాత్కాలికంగా మెట్ల మీంచి ఒక వైరు లాగి చిన్న స్విచ్‌తో కలపండి, చూడ్డానికి బాగుండదు గానీ క్లయింట్ ముందు పరువు దక్కుతుంది. ఆ 500 ప్లాన్‌ని మళ్లీ 300కి దించేసి, మిగిలే డబ్బుకి ఇంకొంచెం కలిపి వేరే కంపెనీది చిన్న రెండో లైన్ తీసుకోండి. తీసుకునేముందు ఆ లైన్ ఏ స్తంభం మీంచి వస్తుందో అడగండి. రెండూ ఒకే స్తంభం మీంచి వస్తే కొమ్మలు కొట్టేవాళ్లు ఒక్క కత్తివేటుతో రెండూ తెంపేస్తారు.